సాన రాయి నుంచి టూల్ బల్ల దాకా: చోళపురం సీమలో పదును చరిత్ర

పనిముట్టుకు పదును పెట్టడంలో రెండు పనులు కలిసి ఉంటాయి. అంచును అరగదీయడం ఒకటి. అరుగుతున్నంతసేపూ అంచు వాలు మారకుండా పట్టుకోవడం రెండోది. మొదటి పనికి మనిషి రాతియుగంలోనే దారి చూసుకున్నాడు. రెండో పని వేల ఏళ్లపాటు చేతివాటం మీదే నడిచి, గత శతాబ్దంలో మాత్రమే గ్రైండర్ ముందు బిగించిన చిన్న ఇనప బల్ల మీదికి చేరింది. సాన చరిత్రలో రాయికీ చక్రానికీ దక్కిన పేరు ఈ బల్లకు దక్కలేదు. అసలు చిక్కు విప్పింది మాత్రం ఇదే.

చోళపురం తమిళనాడులో విరుదునగర్ జిల్లా రాజపాళయం తాలూకాలోని ఊరు. రాజపాళయం పట్టణానికి దక్షిణాన, పడమటి కనుమలకు తూర్పు దిక్కున ఉంటుంది. పాలన పరంగా, భాష పరంగా ఇది తమిళదేశమే అయినా రాజపాళయానికి తెలుగు చరిత్రలోనూ చోటుంది. విజయనగర కాలంలో దక్షిణానికి తరలివచ్చిన రాజుల కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం అన్న అలవాటు తరాలుగా సాగుతోంది. 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉన్న పి.ఎస్. కుమారస్వామి రాజా రాజపాళయం వారే. పదును కథలో ఆయనకంటే ఎక్కువ పాత్ర ఉన్నవారు ఇదే పట్టణానికి చెందిన పారిశ్రామికవేత్త పి.ఎ.సి. రామసామి రాజా (1894–1962). ఆ సంగతికి ముందు చెప్పవలసింది చాలా ఉంది.

దక్షిణ భారతంలో పదును పెట్టడానికి అతి పాత ఆనవాళ్లు కొండరాళ్ల మీదే ఉన్నాయి. బళ్లారి పక్కన సంగనకల్లు, కుప్‌గల్ కొండల్లో కొత్త రాతియుగపు మనుషులు డోలరైట్ రాతితో గొడ్డళ్లు చేశారు. ముందు పెచ్చులు లేపి ఆకారం తెచ్చి, తర్వాత పరుపుబండ మీద నీళ్లూ ఇసుకా వేసి అంచును నూరేవారు. అలా నూరగా పడిన నున్నటి గాళ్లు ఆ బండల మీద ఇప్పటికీ చూడవచ్చు. అక్కడ రాయి కదలదు, పనిముట్టే కదులుతుంది. గాడి లోతు పడేకొద్దీ గొడ్డలి దానిలో ఒదిగి, తప్పనిసరిగా ఒకే దారిన పోతుంది. కోణాన్ని చేతికి వదలకుండా నిలబెట్టిన తొలి ఏర్పాటు అదేనని చెప్పవచ్చు. అది కావాలని చేసిన ఏర్పాటు కాదు, పని చేస్తుంటే దానంతటదే ఏర్పడింది.

ఇనుము వచ్చాక పదును పెట్టే పనిని కొలిమి, రాయి పంచుకున్నాయి. తామ్రపర్ణి ఒడ్డున ఆదిచ్చనల్లూరులో 20వ శతాబ్దం తొలి ఏళ్లలో అలెగ్జాండర్ రే తవ్వకాలు జరిపినప్పుడు ఇనప ఆయుధాలు, పనిముట్లు పెద్ద సంఖ్యలో దొరికాయి. అంటే ఈ దక్షిణపు కొసన ఇనప పనికి చాలా లోతైన పునాది ఉంది. పల్లెల్లో కమ్మరి అంచును ఎర్రగా కాల్చి, సమ్మెటతో పలచగా సాగదీసి, నీళ్లలో ముంచి గట్టిపరిచేవాడు. ఆ తర్వాత ఆకురాయితోనో సాన రాయితోనో తుది మెరుగు పెట్టేవాడు. కక్కు కొడవలికైతే సాన పనికిరాదు. పళ్లు అరిగాక చిన్న ఉలితో మళ్లీ కక్కు కొట్టాలి. ఈ పనికి నగదు ఉండేది కాదు. కోతల నాడు కళ్లంలో కమ్మరికీ వడ్రంగికీ కొలిచి ఇచ్చే మేర గింజలే కూలి. పదును ఎన్నిసార్లు పెట్టాడన్న లెక్కా లేదు. ఏడాది పొడవునా ఊరి పనిముట్లు నడవాలి, అంతే.

ఇసుకరాతి సానతో ఇనుము అరుగుతుంది కానీ రాయి కూడా అంతే వేగంగా అరుగుతుంది. అంతకంటే గట్టి పదార్థం దక్షిణ భారతంలోనే ఉంది. అదే కురువిందం. కెంపు, నీలం రత్నాలుగా మెరిసేది కూడా ఈ ఖనిజమే. మెరుపు లేని ముతక కురువిందం సేలం, నామక్కల్ ప్రాంతాల్లోని పరమత్తి చుట్టుపక్కల, కాంగేయం దగ్గర శివన్‌మలై కొండ వద్ద, అనంతపురం, ఖమ్మం జిల్లాల్లో దొరుకుతుంది. 1798లో చార్లెస్ గ్రెవిల్ లండన్ రాయల్ సొసైటీ పత్రికలో దీన్ని గురించి వ్యాసం ప్రచురించాక యూరప్ శాస్త్రజ్ఞుల దృష్టి ఈ రాయి మీద పడింది. సరిగ్గా వందేళ్లకు, 1898లో, భారత భూవిజ్ఞాన సర్వే తరఫున టి.హెచ్. హాలండ్ కురువిందం మీదే ఒక పుస్తకం రాశాడు.

యూరప్‌కు కొత్త అయిన ఈ రాయి ఇక్కడి సానవాళ్లకు పాత సరుకే. వాళ్లు కురువిందాన్ని దంచి, జల్లించి, కరిగించిన లక్కలో కలిపి గుండ్రటి బిళ్లగా అచ్చు పోసేవారు. లక్క పట్టి ఉంచుతుంది, రవ్వలు కోస్తాయి. పైపొర మొద్దుబారితే కాల్చిన ఇనప కడ్డీతో లక్కను కొంచెం కరిగించి, కొత్త పొడి అద్దుకుంటే చాలు, చక్రం మళ్లీ కొత్తదవుతుంది. బిగింపు పదార్థంలో రవ్వలను నాటి, అరిగిన రవ్వ రాలిపోయి లోపలిది బయటపడేలా చేయడమే నేటి గ్రైండింగ్ చక్రం సూత్రం. లక్క సాన అదే సూత్రం మీద నడిచింది. దాని లోపం ఒక్కటే: లక్క వేడికి మెత్తబడుతుంది. అందువల్ల చక్రాన్ని నెమ్మదిగానే తిప్పాలి, అంచును తేలికగానే ఆనించాలి.

చక్రాన్ని తిప్పే పద్ధతి ఆ నెమ్మదికి తగినట్టే ఉండేది. ఇరుసుకు తోలు పట్టీ చుట్టి ఒకడు అటూ ఇటూ లాగితే చక్రం ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు తిరిగేది. రెండోవాడు కత్తి పట్టుకునేవాడు. 18, 19 శతాబ్దాల్లో కుంపిణీ దొరల కోసం భారతీయ చిత్రకారులు వేసిన వృత్తుల బొమ్మల్లో ఈ జంట కనిపిస్తుంది. తర్వాత కాలితో తొక్కే చట్రం వచ్చి లాగేవాడిని తప్పించింది. సైకిలు వాడుకలోకి వచ్చాక దాన్నే స్టాండు మీద నిలిపి, వెనక చక్రం నుంచి పట్టీ వేసి సానను తిప్పడం మొదలైంది. సాన పట్టేవాడు ఊరూరా తిరగగలిగాడు. కానీ లాగే మనిషి పోయినా పట్టే మనిషి పోలేదు. చక్రం ఒకే దిక్కున ఆగకుండా తిరగడంతో పట్టు కుదిరింది. అయినా వాలు ఎంతన్నది అతని మణికట్టుకే తెలుసు. కత్తిపీటకో కొడవలికో రెండు మూడు డిగ్రీల తేడా లెక్కలోకి రాదు గనుక ఎవరికీ అది లోటుగా తోచలేదు.

లోటు తెలిసింది మిల్లులు వచ్చాకే.

1927లో విరుదునగర్ నుంచి తెంకాశికి రైలుమార్గం పడింది. 1932లో నీలగిరుల్లో పైకారా, 1944లో తామ్రపర్ణి మీద పాపనాశం జలవిద్యుత్ కేంద్రాలు నడవడం మొదలుపెట్టాయి. చుట్టూ నల్లరేగడిలో పత్తి పండుతూనే ఉంది. ఈ నేపథ్యంలో రామసామి రాజా 1936లో రాజపాళయం మిల్స్‌ను స్థాపించారు. 1939లో రామరాజు సర్జికల్ కాటన్ మిల్స్ ఏర్పడింది. పట్టణం పక్కనున్న సత్రపట్టిలో మరమగ్గాల మీద బ్యాండేజీ గుడ్డ నేయడం పెద్ద వృత్తిగా ఎదిగింది. పదునుకు సంబంధించినంతవరకు ఇది యుగం మారడమే. నూలు మిల్లు బయటికి దారాల వ్యవహారంగా కనిపిస్తుంది గానీ లోపల అది వేల వేల ఉక్కు మొనల మీద నడుస్తుంది. పత్తిని దువ్వే కార్డింగ్ యంత్రంలో సిలిండర్ చుట్టూ సన్నటి తీగ పళ్లుంటాయి. అవి మొద్దుబారితే పత్తిలో ముడులు మిగులుతాయి, నూలు గరుకుగా వస్తుంది. కాబట్టి ఎమెరీ అనే గరుకు రాతిపొడి పూసిన పొడవాటి రోలర్‌నో, అడ్డంగా జరుగుతూ పోయే చిన్న రోలర్‌నో సిలిండర్‌కు తాకీ తాకనట్టు బిగించి, పళ్లన్నిటినీ ఒకే ఎత్తుకు నూరేవారు. ఇక్కడ మనిషి చేయి అంచును తాకదు. రోలర్ ఎంత దూరంలో, ఏ వరసలో ఉండాలో మరలే నిర్ణయిస్తాయి. వాలును యంత్రానికి అప్పగించడం ఈ ప్రాంతపు పనివాళ్లు మొదట చూసింది కార్డింగ్ శాలలోనే అయి ఉండాలి.

మిల్లు వెంట మరమ్మతు షెడ్డు వస్తుంది, షెడ్డులోకి లేత్ వస్తుంది. లేత్ మీద వాడే టూల్ కొడవలిలా సర్దుకుపోదు. మెత్తటి ఉక్కును తురమాలంటే టూల్ ముందువైపు కింద 8 నుంచి 10 డిగ్రీల వాలు ఉండాలి. లేకపోతే మొన బదులు దాని పొట్ట రాసుకుంటుంది. మరీ ఎక్కువైతే మొనకు ఆసరా తగ్గి విరుగుతుంది. పైభాగంలో వెనక్కి జారే వాలు ఇనుముకు ఒక తీరు, ఇత్తడికి మరో తీరు. ఇత్తడికి దాదాపు సున్నా ఉంచాలి, లేదంటే టూల్ లోపలికి గుంజుకుపోతుంది. మరలు కోసే టూల్ సంగతి ఇంకా కటువు. పాత మిల్లు యంత్రాలు చాలావరకు లాంకషైర్ నుంచి వచ్చినవి. వాటి బోల్టుల మర 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిన 55 డిగ్రీలది. భారతదేశం 1956 చట్టంతో మెట్రిక్ కొలతలకు మారాక కొత్త యంత్రాల మర 60 డిగ్రీలు. ఒకే షెడ్డులో రెండూ కావాలి. అయిదు డిగ్రీల తేడాను కంటితో పట్టగలిగిన ఫిట్టర్లు లేకపోలేదు. కానీ ఆ ఫిట్టరు సెలవు పెట్టిన రోజున మిల్లు ఆగకూడదు గదా.

ఈలోగా చక్రం కూడా మారింది. 1870ల్లో అమెరికాలోని వుస్టర్‌లో ఎఫ్.బి. నార్టన్ కుమ్మరి కార్ఖానాలో ఎమెరీ రవ్వలను బంకమట్టితో కలిపి బట్టీలో కాల్చిన చక్రం తయారైంది. మట్టి బిగింపు వేడికి కరగదు గనుక లక్క సానకున్న వేగపు హద్దు దానికి లేదు. 1891లో ఎడ్వర్డ్ అకెసన్ విద్యుత్ కొలిమిలో సిలికాన్ కార్బైడ్‌ను పుట్టించాడు. తర్వాతి దశాబ్దంలో కృత్రిమ అల్యూమినియం ఆక్సైడ్ బజారులోకి వచ్చింది. అది రసాయనికంగా కురువిందమే. గని బదులు కొలిమిలో పుట్టింది. స్వాతంత్ర్యం తర్వాత ఈ విద్య కురువిందం నేలకే తిరిగి చేరింది. 1954లో మురుగప్ప కుటుంబం అమెరికా, బ్రిటిష్ కంపెనీలతో కలిసి మద్రాసులో కార్బోరండమ్ యూనివర్సల్‌ను స్థాపించింది. ఆ తర్వాత మంచి చక్రం కోసం చిన్న షెడ్డు కూడా దిగుమతి సరుకు మీద ఆధారపడవలసిన అవసరం తగ్గింది.

ఉక్కు మారకపోతే వేగపు చక్రం వల్ల మేలు కంటే కీడే ఎక్కువ జరిగేది. కార్బన్ ఉక్కు టూల్ నూరేటప్పుడు 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీలిరంగుకు తిరిగి గట్టిదనం కోల్పోతుంది. అందుకే పాతకాలపు సాన మీద నీళ్లు చల్లుతూ ఉండేవారు. 1900 పారిస్ ప్రదర్శనలో టేలర్, వైట్ అనే అమెరికన్లు చూపిన హైస్పీడ్ స్టీల్ దాదాపు 600 డిగ్రీల దాకా గట్టిదనం నిలుపుకుంటుంది. దాన్ని పొడిగా, వేగంగా నూరవచ్చు. రెండు చివరలా రెండు చక్రాలున్న బెంచ్ గ్రైండర్ ప్రపంచమంతటా ప్రతి షెడ్డులో కనిపించడానికి కారణం ఈ రెంటి కలయిక. 150 మి.మీ. చక్రం నిమిషానికి 2850 చుట్లు తిరిగితే దాని అంచు సెకనుకు 22 మీటర్లకు పైగా పరుగెత్తుతుంది.

గ్రైండర్‌తోపాటు కంపెనీ ఇచ్చే టూల్ రెస్టు చాలాసార్లు వంచిన రేకుముక్క మాత్రమే. వేలు ఆనించుకోవడానికి అది సరిపోతుంది, కోణానికి సరిపోదు. ఐ.టి.ఐ.లలో టర్నర్ విద్యార్థులకు మొదట మైల్డ్ స్టీల్ ముక్కను చేత్తో నూరించి, కోణమానితో కొలిపించి, తప్పితే మళ్లీ నూరిస్తారు. ఆ శిక్షణకు విలువ ఉంది. అయితే చేయి కుదిరేసరికి చాలా ఉక్కు నిప్పురవ్వలైపోతుంది. ఇంగ్లండ్‌లో 1898లో పెర్సివల్ మార్షల్ ప్రారంభించిన ‘మోడల్ ఇంజనీర్’ పత్రిక ఇంటి షెడ్డులో చిన్న యంత్రాలు చేసుకునేవాళ్లకు వేదికైంది. 1970ల్లో ఆ పత్రిక ద్వారానే డి.హెచ్. చాడక్ రూపొందించిన క్వార్న్ అనే టూల్ గ్రైండర్ పేరుకెక్కింది. అది ఏ కోణాన్నైనా నూరగల యంత్రం. కానీ దాన్ని తయారు చేయడానికే నెలలు పడుతుంది. ఇంటి పనికి అంత అవసరం లేదు. గ్రైండర్ ముందు వంచి బిగించగల ఒక సమతలం ఉంటే పది పనుల్లో తొమ్మిది జరుగుతాయి.

ఆ బల్ల కట్టడంలో పెద్ద విద్యేమీ లేదు, కొన్ని పట్టింపులున్నాయి. గ్రైండర్‌నూ బల్లనూ 10 లేదా 12 మి.మీ. మందం ఉన్న ఒకే ఉక్కు పలక మీద బిగించాలి. బల్లను గ్రైండర్ తొడుగుకు తగిలించకూడదు. తొడుగు పలచన, దాని అదురు బల్లకు పాకుతుంది. పలక నుంచి నిలువుగా ఒక కడ్డీ, దాని తలన వంగే కీలు, కీలును బిగించే బోల్టు, ఆపైన సుమారు 150 మి.మీ. పొడవు, 100 మి.మీ. వెడల్పు, 8 మి.మీ. మందం ఉన్న చదునైన పలక. బల్ల పైభాగంలో చక్రానికి సమాంతరంగా ఒక గాడి తీస్తే, దానిలో జరిగే చిన్న అడ్డుపలక టూల్‌ను పక్క కోణంలో పట్టి ఉంచుతుంది. బల్ల కొస చక్రానికి 3 మి.మీ. కంటే ఎడంగా ఉండకూడదు. ఆ సందు పెరిగితే టూల్ అందులోకి గుంజుకుపోయి చక్రం పగులుతుంది. చక్రం అరిగినకొద్దీ బల్లను ముందుకు జరుపుకోవడానికి అడుగున పొడవాటి రంధ్రం ఉండి తీరాలి.

కీలు ఎందుకన్న ప్రశ్నకు లెక్కే జవాబు చెబుతుంది. బల్లను వంచకుండా, టూల్‌ను చక్రం కేంద్రం కంటే కొంచెం ఎత్తున ఆనించినా కింది వాలు వస్తుంది. 150 మి.మీ. చక్రానికి ఆ ఎత్తు 10.4 మి.మీ. అయితే వాలు 8 డిగ్రీలు. చాలామంది ఇలాగే చేస్తారు. కానీ అదే చక్రం అరిగి 120 మి.మీ.కు వచ్చేసరికి అదే ఎత్తు 10 డిగ్రీలు ఇస్తుంది, 100 మి.మీ.కు వస్తే 12. ఎవరూ ఏమీ మార్చలేదు, కోణం మాత్రం మారిపోయింది. టూల్‌ను కేంద్రం ఎత్తులోనే ఉంచి బల్లనే వంచితే చక్రం సైజుతో నిమిత్తం ఉండదు. వంచడానికి కోణమాని కూడా అక్కర్లేదు. 6, 8, 10, 12 డిగ్రీలకు కోసిన రేకు గేజీలు గోడకు వేలాడదీసుకుంటే చాలు. వాటి పక్కనే 55, 60 డిగ్రీల మర గేజీలు. చక్రం గుండ్రన గనుక నూరిన ముఖం కొద్దిగా గుంట పడుతుంది. 10 మి.మీ. టూల్‌కు ఆ గుంట 0.17 మి.మీ. మాత్రమే, భయపడవలసిన పని లేదు. పైగా నూనెరాయి మీద చివరి మెరుగు పెట్టేటప్పుడు అంచు, మడమ రెండే రాయికి తగులుతాయి కాబట్టి పని తేలిక.

చక్రం ఎంపికలో పొరపాటైతే బల్ల ఎంత బాగున్నా ఫలితం రాదు. హైస్పీడ్ స్టీల్‌కు తెల్లటి అల్యూమినియం ఆక్సైడ్, కార్బైడ్ మొనలకు ఆకుపచ్చ సిలికాన్ కార్బైడ్. అల్యూమినియం, ఇత్తడి లాంటి మెత్తని లోహాలను ఈ చక్రాల మీద పెట్టకూడదు. అవి రవ్వల మధ్య పూడుకుపోతాయి, పూడిన చక్రం కోయడం మానేసి కాలుస్తుంది. అప్పుడు డైమండ్ డ్రెస్సర్‌తో పైపొర చెక్కి గుండ్రం సరిచేయాలి. ఇక్కడ కూడా బల్ల అక్కరకొస్తుంది. డ్రెస్సర్‌ను దాని మీద ఆనించి అడ్డంగా జరిపితే చక్రం ముఖం తిన్నగా వస్తుంది.

1948 ఫ్యాక్టరీల చట్టం 30వ సెక్షన్ గ్రైండింగ్ జరిగే ప్రతి ఫ్యాక్టరీలో, ప్రతి చక్రం దగ్గరా దాని గరిష్ఠ భద్ర వేగాన్ని, ఇరుసు వేగాన్ని రాసిన బోర్డు పెట్టాలని నిర్దేశించింది. మిల్లు షెడ్డుకు ఇది వర్తించింది. కరెంటుతో నడిచే చోట పదిమంది పనివాళ్లు ఉంటేనే ఆ చట్టం లెక్కకు ఫ్యాక్టరీ అయ్యేది. ఇంటి వెనక రేకుల కొట్టంలో ఒక్కడు నూరుకుంటుంటే అడిగే ఇన్‌స్పెక్టర్ లేడు. కాబట్టి కొత్త చక్రాన్ని వేలాడదీసి కొయ్యతో తట్టి, ఖంగుమని మోగితేనే బిగించడం, బిగించాక పక్కకు తప్పుకుని ఒక నిమిషం ఉత్తగా తిప్పడం, కళ్లద్దాలు లేకుండా స్విచ్చి వేయకపోవడం అన్నవి ఎవరికి వారు పెట్టుకోవలసిన నియమాలు. నవరాత్రుల్లో ఆయుధ పూజ నాడు గ్రైండర్‌కు గంధం, కుంకుమ పెట్టి ఆపి ఉంచే ఆచారం ఈ ప్రాంతంలో ఇంటి కొట్టాల్లోనూ ఉంది. తుడిచి, కడిగి, బోల్టులు చూసుకోవడానికి అంతకంటే అనువైన రోజు లేదు.

ఇటీవలి దశాబ్దాల్లో పదును గిరాకీ ఒకచోట తగ్గి మరోచోట పెరిగింది. పెద్ద షెడ్లలో కార్బైడ్ ఇన్సర్టులు వచ్చాయి. ఒక మూల మొద్దుబారితే తిప్పి మరో మూల వాడతారు, మూలలన్నీ అయిపోతే పారేస్తారు. నూరే పనే లేదు. కార్డింగ్ సిలిండర్ల మీద కూడా పాత తీగ పళ్ల బదులు రంపపు పళ్ల లోహపు తీగ వచ్చి నూరుడు తగ్గించింది. మరోవైపు చోళపురానికి దగ్గరలోనే ఉన్న దళవాయిపురం, చెట్టియార్‌పట్టి, ముగవూర్ ఆడవాళ్ల నైటీలు కుట్టే కేంద్రాలుగా ఎదిగాయి. దొంతరలుగా పేర్చిన గుడ్డను కోసే యంత్రాల బ్లేళ్లకూ దర్జీల కత్తెరలకూ తరచుగా సాన కావాలి. కత్తెర రెక్కల వాలు సరిగా లేకపోతే గుడ్డ తెగదు, మడత పడుతుంది. సైకిలు సాన మీద పట్టిన కత్తెరకూ బల్ల మీద నూరిన కత్తెరకూ తేడా దర్జీకి మొదటి కోతలోనే తెలిసిపోతుంది.

పాత మగ్గాల విడిభాగాలు తిప్పే చిన్న లేత్ షెడ్లలో హైస్పీడ్ స్టీల్ ఇప్పటికీ నడుస్తోంది. విరిగిన గేరుకు సరిపోయే ప్రత్యేక ఆకారపు టూల్, 55 డిగ్రీల పాత మరకు సరిపోయే మొన అంగట్లో సిద్ధంగా దొరకవు, నూరుకోవాల్సిందే. తుక్కు దుకాణంలో కొన్న ఉక్కు పలక, ఒక కీలు, నాలుగు బోల్టులతో అయ్యే బల్ల ఆ పనికి చాలు. ఇంటి వర్క్‌షాపులో లేత్ తర్వాత కొనవలసిన వస్తువుల జాబితా రాసుకునేవాళ్లు దీన్ని కొనేవాటిలో కాక, ముందుగా చేసుకునేవాటిలో రాసుకోవడం మంచిది.